ఏనుగుబండ మీద అల

పుంగనూరులో పరుపులు కుట్టే బాబు సాహెబ్‌కు సముద్రం గురించి తెలిసినంతగా ఆ ఊళ్లో మరెవరికీ తెలియదు. ఈ మాట చెప్పింది కూడా బాబు సాహెబే. ఊరికీ సముద్రానికీ మధ్య బోలెడన్ని కొండలు, చెరువులు, తమిళనాడులో సగం అడ్డం ఉన్నందువల్ల కాదనగలిగిన మనుషులు ఎవరూ లేకపోయారు.

దూది ఏకుతున్నంతసేపూ ఆయన చేయి ఒక పని చేస్తుంటే నోరు ఇంకో పని చేసేది. చిన్నప్పుడు మేనమామ వెంట నాగూరు దర్గాకు పోయాడట. అక్కడ ఒడ్డుకు కొంచెం లోపలగా, నీళ్ల కింద ఒక పెద్ద బండ ఉందట. అల వచ్చి ఆ బండకు తగిలి పైకి లేచి విరుగుతుందట. అలాంటి అల ఒకటి తనను ఎత్తుకుపోయి బండ మీద కూర్చోబెడితే, దాని వెనకాలే వచ్చిన అల మళ్లీ తెచ్చి మామ కాళ్ల దగ్గర దించి పోయిందట.

పెళ్లయిన కొత్తలో ఆ బండ దున్నపోతంత ఉండేది. కూతురు మసూదా పుట్టేసరికి ఏనుగంత అయింది. ఏనుగుబండ అనే పేరు అప్పుడు వచ్చిందే. మసూదాకు పెళ్లి చేసి కుప్పం పంపే నాటికి వీధిలో వాళ్లు ఆయనను బండ సాహెబ్ అనడం మొదలుపెట్టారు. ఆ పేరును ఆయన గౌరవంగానే స్వీకరించాడు.

అసలు సంగతి తనకూ, చనిపోయిన మామకూ, తల్లికీ తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. మామతో బయలుదేరిన మాట నిజమే. వేలూరు చేరేసరికి పిల్లాడికి ఒళ్లంతా తట్టు పోసింది. మామ అతన్ని అక్కడే ఒక చుట్టాలింట్లో దించి, తానొక్కడే నాగూరు పోయి వచ్చాడు. తిరుగుదారి పొడుగునా సముద్రం గురించి మామ చెప్పిన మాటలే బాబు సాహెబ్ చూసిన సముద్రం.

ఇన్నేళ్లు ఆ బండ ఆయన జోలికి రాలేదు. మసూదాకు చాలాకాలం పిల్లల్లేక, చివరికి ఒక కొడుకు పుట్టడంతో వచ్చిపడింది. ఆ బిడ్డ పుట్టువెంట్రుకలు నాగూరులో తీయిస్తానని ఆయన భార్య అజీజాబీ ఎప్పుడో మొక్కుకుని ఉంది. మసూదా బిడ్డను ఎత్తుకుని కుప్పం నుంచి పుట్టింటికి వచ్చింది. పిల్లాడి జుట్టు కళ్ల మీద పడి, ఎవరు పిలిచినా ఇంకొకరి వైపు తిరిగి నవ్వుతున్నాడు.

"నువ్వు ముందు నడువు, మేము నీ ఎనక వస్తాము. దావ తెలిసినోడివి నువ్వే గదప్పా" అంది అజీజాబీ. అలా అందో లేదో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు మేమూ వస్తామన్నారు. సముద్రం చూపించే మనిషి వెంట ఉండగా ఇప్పుడు కాకపోతే ఎప్పుడు చూస్తామని వాళ్ల వాదన.

బాబు సాహెబ్ దూది ఏకడం ఆపేశాడు. నాగూరు పోతే ఏమవుతుంది? బండ ఉందో లేదో, ఉంటే ఎటువైపు ఉందో, సముద్రానికి ఏ వీధిలోంచి పోవాలో ఏమీ తెలియదు. ఇరవై అయిదేళ్లుగా భార్య దగ్గర సంపాదించుకున్న పరువు ఒక్క పూటలో నీళ్లపాలవుతుంది.

పోనని అనడానికి వీల్లేదు, మొక్కు. కాబట్టి సముద్రమే వద్దన్నట్టు చేయాలని నిశ్చయించుకున్నాడు.

వెంకటముని టీ అంగడిలో రేడియో ఉంది. వేరుశనగ పీకే కాలం కావడంతో వార్తల తర్వాత వాతావరణం వినడానికి రైతులు అక్కడ మూగుతారు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందనీ, జాలరులు వేటకు పోరాదనీ ఆ రోజు రేడియో చెప్పింది. పుంగనూరులో జాలరి ఒక్కడూ లేడు. అయినా ఆ హెచ్చరిక విని అంత సంతోషపడ్డ మనిషి బంగాళాఖాతం ఒడ్డున కూడా ఉండి ఉండడు. టీ సగంలో వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

"ఇప్పుడు పొయ్యేదానికి లేదు. ఏనుగుబండ కాడ అల రెండు తాటిమాన్ల ఎత్తు లేస్తాండాది."

"రేడియోలో ఏనుగుబండ పేరు చెప్పినారా?" అంది అజీజాబీ.

"పేరు చెప్పరు. తెలిసినోళ్లకు తెలుస్తాది."

"మనం పొయ్యేది దర్గాకు గదా. అల ఎంత లేస్తే మనకేమి?"

ఇక్కడ బాబు సాహెబ్ అవసరానికి మించి తెలివి చూపించాడు. గుండు చేయించాక బిడ్డను సముద్రంలో ముంచకపోతే మొక్కు సగమే తీరినట్టని, అదీ మగదిక్కు ఎత్తుకుని ముంచాలని, అందులోనూ తాత అయితే మరీ మంచిదని చెప్పేశాడు. తన మెడకు తానే ఉరి బిగించుకున్నానని ఆయనకు రాత్రి అన్నం తినేటప్పుడు గాని అర్థం కాలేదు.

అల్పపీడనం ఎప్పటికీ ఒకచోట ఉండదు కదా. నాలుగు రోజులకు అది ఒరిస్సా వైపు పోయింది. పక్కింటి ఆదిలక్ష్మమ్మ కూడా ఇంట్లో రేడియో పెట్టుకుని ఉంది. సముద్రం ప్రశాంతంగా ఉంటుందని చెప్పారని ఆమె గోడ మీదుగా కేకేసి మరీ చెప్పింది. అజీజాబీ వచ్చి మొగుడి ముందు నిలబడింది.

బాబు సాహెబ్ చేతిలో అప్పుడు దూదేకే విల్లు ఉంది. ఆ విల్లుకు బిగించేది మేక నరం. ఎండగా ఉన్న రోజు కొయ్యతో మీటితే 'టంగ్' మని మోగుతుంది. గాలిలో చెమ్మ ఉంటే నరం మెత్తబడి 'డబ్' మని ఊరుకుంటుంది. దూదేకుల ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. ఆపదలో ఉన్న మనిషికి మాత్రం అందులో ఒక గొప్ప శాస్త్రం కనిపించింది.

"రేడియోవోళ్లు చెప్పేది ఓడలకు. బండ సంగతి వోళ్లకేం తెలుసు? బండ సంగతి చెప్పేది ఈ విల్లు" అని ఒక్కటి మీటాడు. ఆకాశం మబ్బుగా ఉంది. విల్లు 'డబ్' మంది.

"ఇన్నావా? అల లేస్తాండాది" అన్నాడు.

గోడ అవతల ఆదిలక్ష్మమ్మ మొగుడు ఆంజనేయులు పీకిన వేరుశనగ కాయలు కళ్లంలో ఆరబోయించబోతున్నాడు. ఆ మాట విని ఎందుకైనా మంచిదని తాటాకు చాపలు కప్పించాడు. మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. చుట్టుపక్కల అందరి కాయలూ తడిసి, ఆంజనేయులువి మాత్రం నిమ్మళంగా ఉన్నాయి.

మరుసటి రోజు పొద్దున బాబు సాహెబ్ అరుగు మీద నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. వారం తిరిగేసరికి బైరెడ్డిపల్లె నుంచి కూడా ఒకాయన బస్సెక్కి వచ్చాడు. వాళ్లకు కావలసింది వాన సంగతి. బాబు సాహెబ్ మాత్రం ముందు సముద్రం సంగతి చెప్పనిదే వాన జోలికి పోడు. విల్లు మీటి, కళ్లు మూసుకుని, ఏనుగుబండ దగ్గర అల ఎన్ని నిలువులు లేస్తోందో, గాలి ఏ మూల నుంచి కొడుతోందో, పొద్దు వాలాక తగ్గుతుందో పెరుగుతుందో వరసగా చెప్పేవాడు. రైతులు ఓపిగ్గా తలలూపి, అలలన్నీ విరిగిపోయాక, "మరి మాకు వానుందా లేదా సాయిబన్నా" అని అడిగేవారు. చెమ్మ ఉంటే నరం మెత్తబడే మాట నిజమే కాబట్టి ఆయన చెప్పింది చాలాసార్లు జరిగింది కూడా.

కుట్టాల్సిన పరుపులు మూల పడ్డాయి. ఒక పెళ్లివాళ్లు పరుపు కోసం వచ్చి, పరుపు మాట మరిచిపోయి, పందిరి వేసే రోజు సముద్రం ఎలా ఉంటుందో అడిగి పోయారు. బాబు సాహెబ్‌కు ఒళ్లు తెలియడం లేదు. నాగూరు ప్రయాణం తప్పించుకోవడానికి మొదలుపెట్టిన పని ఇదన్న సంగతే మరిచిపోయాడు.

మరిచిపోనిది అజీజాబీ ఒక్కతే. ఒకరోజు అరుగు నిండా జనం ఉన్నప్పుడు తలుపు చాటు నుంచి అడిగింది. 'డబ్' మంటే అల లేస్తున్నట్టు సరే, మరి 'టంగ్' మంటే ఏమిటి అని.

"టంగ్ మంటే సముద్రం నిమ్మళంగా ఉన్నట్టు. గిన్నెలో పాలున్నట్టు" అన్నాడు బాబు సాహెబ్ జనం వంక చూసి.

"అయితే టంగ్ మన్న పొద్దు బయలుదేరదాము" అంది అజీజాబీ.

అరుగు మీద ఉన్న వాళ్లందరూ విన్నారు. కాయలు దక్కిన సంతోషంలో ఉన్న ఆంజనేయులు అక్కడికక్కడే లేచి, మదనపల్లెలో తన బావమరిదికి తెలిసినవాళ్ల బస్సు ఉందనీ, వచ్చే బుధవారం పొద్దునకు తెప్పిస్తాననీ చెప్పాడు. గురువారం దర్గాలో ఉంటే మంచిది కూడా. విల్లు వద్దంటే బస్సును వెనక్కి పంపేద్దాం, బావమరిది ఏమీ అనుకోడన్నాడు.

బాబు సాహెబ్ లోపల లెక్క వేసుకున్నాడు. పది రోజులుగా ముసురు పట్టి ఉంది. ఈ చెమ్మలో ఆ నరం మోగితే తన పేరు మార్చుకోవచ్చు. అందుకని ధైర్యంగా సరేనన్నాడు. అయినా మంగళవారం సాయంత్రం మనసు ఆగలేదు. అజీజాబీ ప్రయాణానికి రొట్టెల పిండి పిసుకుతుంటే, ఎవరూ చూడకుండా గుడ్డ తడిపి విల్లు నరాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచి, గోడకు తగిలించి, పోయి హాయిగా పడుకున్నాడు.

బుధవారం పొద్దున వాకిట్లో బస్సు నిలబడి ఉంది. మసూదా బిడ్డను ఎత్తుకుని ఉంది. ఆదిలక్ష్మమ్మ, గోవిందమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు మూటలతో వచ్చారు. సాగనంపడానికి వచ్చిన మగవాళ్లు, చూడడానికి వచ్చినవాళ్లు వీధికి ఆ చివర దాకా ఉన్నారు. మబ్బు కమ్ముకుని సన్నటి తుంపర పడుతోంది. బాబు సాహెబ్ ఆ తుంపరను ఆప్యాయంగా చూసి, విల్లు తెమ్మన్నాడు. అజీజాబీ తెచ్చి ఇచ్చింది. ఆయన ముఖంలో ప్రయాణం ఆగిపోతుందన్న బాధ తగుమాత్రంగా ఉంచుకుని, కొయ్య ఎత్తి మీటాడు.

టంగ్.

ఆ విల్లు తన జన్మలో అంత చక్కగా మోగలేదు. బాబు సాహెబ్ దాన్ని తిప్పి చూసి మళ్లీ మీటాడు. ఈసారి ఇంకా ఖంగుమంది. మూడోసారి మెల్లగా, అటూ ఇటూ కాకుండా మీటి చూశాడు. వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

"మూడుతూర్లూ నిమ్మళమే. ఎక్కండమ్మా" అన్నాడు ఆంజనేయులు.

దారిలో బాబు సాహెబ్ టైరు పగిలితే బాగుండునని పలమనేరు దాకా చూశాడు. డ్రైవరుకు కడుపునొప్పి వస్తే బాగుండునని వేలూరు దాకా చూశాడు. అవేవీ జరిగేటట్టు లేవని తేలాక, బండలు అరిగిపోతాయన్న సంగతి మెల్లగా ఎత్తాడు. నీళ్లు కొట్టీ కొట్టీ ఎంత బండైనా కరిగిపోతుందన్నాడు. ఏనుగంత బండ కరగడానికి ఎన్ని వందల ఏళ్లు పడుతుందో గోవిందమ్మ అడిగింది.

గురువారం నాగూరులో మొక్కు చక్కగా తీరింది. పిల్లాడికి గుండు చేయించారు, చక్కెర మీద ఫాతిహా చదివించి అందరికీ పంచారు. మనవడి కళ్లు అంత పెద్దవని తాతకు ఆ రోజే తెలిసింది. ఆ సంతోషంలో ఉండగానే ఆడవాళ్లందరూ ఆయన వంక తిరిగి, ఇక సముద్రానికి పద అన్నారు. ఎటు పోవాలో తెలియక బాబు సాహెబ్ చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాడు. ఎవరో తడిబట్టలతో ఎదురుగా వస్తుంటే, వాళ్లు వచ్చిన దారినే నడిచాడు.

ఇళ్లు అయిపోయాయి. ఇసుక మొదలైంది. ఇసుక దిబ్బ ఎక్కి మనవడితో సహా నిలబడిపోయాడు.

నీళ్లు ఎక్కువగా ఉంటాయని మామ చెప్పాడు గాని, ఆకాశం దాకా ఉంటాయని చెప్పలేదు. అల లేస్తుందని చెప్పాడు గాని, ఒకటి విరగకముందే ఇంకొకటి బయలుదేరి ఉంటుందని చెప్పలేదు. ఆ హోరు గురించి అసలేమీ చెప్పలేదు. ఇన్నేళ్లుగా తాను అందరికీ చెప్పిన సముద్రం దీని ముందు మడుగులాంటిది. బాబు సాహెబ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. తనను తాను మరిచిపోయి, "ఇంతుంటాదా" అన్నాడు.

ఆ మాట పక్కనే ఉన్న అజీజాబీకి మాత్రమే వినపడింది.

"ఏనుగుబండ యాడుండాది సాయిబన్నా?" అంది ఆదిలక్ష్మమ్మ.

ఆడవాళ్లంతా నుదుటికి చేతులు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఎడమవైపు ఇసుక, కుడివైపు ఇసుక, ఎదురుగా నీళ్లు. కోడిగుడ్డంత రాయి కూడా ఎక్కడా లేదు. బాబు సాహెబ్ నోరు తెరిచాడు. ఇరవై అయిదేళ్లు ఆగకుండా ఆడిన ఆ నోట్లోంచి అవసరానికి ఒక్క మాట రాలేదు.

"ఈ పొద్దు యాడ కనపడతాదమ్మా?" అంది అజీజాబీ నిదానంగా. "పోటు మీదుండాది సముద్రము. బండ మీద రెండు నిలువుల నీళ్లుండాయి. అదో, ఆడ తెల్లంగ నురగ విరగతాండాదే, దాని కిందనే. గాలి తూర్పున కొడతాండాది గదా, పొద్దుగుంకినాక గాని తగ్గదు. అందాక మనకు బస్సు నిలవదు."

రేడియోలో చెప్పినా అంత నమ్మకంగా ఉండేది కాదు. ఆడవాళ్లు ఆ నురగ వైపు భక్తిగా చూశారు. గోవిందమ్మ దండం కూడా పెట్టింది. బాబు సాహెబ్ పెళ్లాం వంక చూశాడు. ఆమె ఆయన వంక చూడకుండా, బిడ్డను ముంచుకు రమ్మంది.

తానే పెట్టిన నియమం, తప్పేదేముంది? మోకాళ్ల లోతు దిగాడు. మొదటి అల పంచె తడిపింది. రెండో అల కాళ్ల కింద ఇసుక లాగేసి కూర్చోబెట్టింది. మనవడు ఒక్క కేక వేసి, పకపకా నవ్వాడు. అజీజాబీ వచ్చి ఒక చేత్తో మనవడిని, రెండో చేత్తో మొగుడిని పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చింది.

మిగతావాళ్లు గవ్వలు ఏరుకుంటూ దూరం పోయాక ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. ఎప్పటి నుంచి తెలుసని బాబు సాహెబ్ అడిగాడు. పెళ్లయిన నెలకే అత్త చెప్పిందని, వేలూరులో తట్టు పోసిన సంగతి అంతా తెలుసని అజీజాబీ చెప్పింది. విల్లు సంగతి కూడా చెప్పింది. నరం తడిసి ఉండడం చూసి, రొట్టెలు కాలుస్తూ పొయ్యి పైన తగిలించిందట. రొట్టెలన్నీ అయ్యేసరికి అది ఎండి బిగుసుకుపోయిందట.

"అంతా తెలిసి, ఇన్నేండ్లూ యాల ఊరకుండావు?" అన్నాడు.

"నువ్వు చెప్తాంటే బాగుండేది. మొదట్లో నిన్ను ఆడించాలనే అనుకుంటి. ఆమీట నాకే పాపమనిపించె. చూసినానని చెప్పుకున్నోడివి, చూడాలని ఉండాదని ఎవురిని అడుగుతావు? నేను తోలుకొని రాకపోతే నువ్వు సచ్చేదాంక సముద్రం చూడవు గదప్పా."

బాబు సాహెబ్ తడిసిన పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ ముఖం మీద ఉన్నది సముద్రపు నీళ్లేనని అజీజాబీ అనుకున్నట్టు ఊరుకుంది. బస్సు హారను కొడితే, "ఇంకొక అల చూసి పోదాము" అన్నాడు. అలా ఇంకొక అల, ఇంకొక అల అంటూ డ్రైవరు దిగి వచ్చి పిలిచేదాకా కూర్చున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన మనసు ఎంతో తేలికగా ఉంది. ఇకమీద చూసింది చూసినట్టు చెప్పాలని గట్టిగా అనుకున్నాడు. చెప్పడానికి ఇప్పుడు ఆయన దగ్గర అసలైన సముద్రం ఉంది.

బస్సు దిగగానే ఆంజనేయులు ఎదురొచ్చి ఏనుగుబండ ఎలా ఉందని అడిగాడు. నాకు బండేమీ కనపడలేదని బాబు సాహెబ్ నిజాయితీగా చెప్పాడు. అంత దూరం పోయి బండ చూడకుండా వచ్చామని ఒప్పుకోవడం మాత్రం ఆడవాళ్లకు ఇష్టం లేకపోయింది. నురగ కింద నల్లగా వీపు కనపడిందని ఆదిలక్ష్మమ్మ చెప్పింది. వీపే కాదు, తొండం కూడా కనపడిందని గోవిందమ్మ చెప్పింది.

"నీకు కండ్లు మందగించినట్టుండాయి సాయిబన్నా" అన్నాడు ఆంజనేయులు జాలిగా.

ఆ రోజు నుంచి అరుగు మీద జనం బాబు సాహెబ్‌ను అడగడం మానేశారు. సముద్రం ఆకాశం దాకా ఉంటుందని, ఆ హోరు ఒక్క క్షణం కూడా ఆగదని ఆయన మొదలుపెడితే, అవన్నీ అందరికీ తెలిసినవేగా అని ఆవలిస్తారు. తలుపు వైపు తిరిగి, "అజీజాబమ్మా, బండ సంగతి చెప్పుమా" అంటారు. అజీజాబీ చేటలో బియ్యం చెరుగుతూ వచ్చి గడప మీద కూర్చుని, ఏనుగుబండ దగ్గర ఆ పూట అల ఎన్ని నిలువులు లేస్తోందో, ఎప్పటికి తగ్గుతుందో చెబుతుంది. చెప్పేటప్పుడు మధ్య మధ్య, "అవునా కాదా అప్పా?" అని మొగుడిని అడుగుతుంది.

బాబు సాహెబ్ దూది ఏకుతూ, అవునని తలూపుతాడు.